భయపెట్టిన తీరమే విడిదిపట్టు: దక్షిణ ఇటలీ కడలి సెలవులపై సింహావలోకనం

దక్షిణ ఇటలీ తీరంలో నాలుగు రోజులు సేదదీరుదామని బయల్దేరినవారిని కొన్ని సంగతులు తికమక పెడతాయి. రైలు దిగితే, వెతుక్కుంటూ వచ్చిన ఊరు అక్కడ ఉండదు. పైన ఎక్కడో కొండ కొమ్మున ఉంటుంది. సముద్రం ఎదురుగానే ఉంటుంది కానీ గొడుగు నీడన కూర్చోవాలంటే ఏ వరుసలో కూర్చుంటారన్నదాన్ని బట్టి డబ్బు కట్టాలి. ఆగస్టు నడిమి వారంలో ఎంత గాలించినా గది దొరకదు. నెల తిరిగేసరికి అదే వీధిలో తలుపులన్నీ తెరిచే ఉంటాయి. ఎక్కడికి, ఎప్పుడు, ఎలా వెళ్లాలన్న మూడు ప్రశ్నలకూ జవాబులు ఆ తీరం చరిత్రలోనే ఉన్నాయి. సముద్రం దగ్గరకు ఎవరు ఎందుకు వచ్చారో, ఎవరు ఎందుకు పారిపోయారో తెలిస్తే ప్రయాణం సగం ఖరారైనట్టే.

నేపుల్స్ నుంచి దిగువకు పోతే కంపానియా, బసిలికాతా, కలాబ్రియా; తూర్పున, బూటు ఆకారపు ఇటలీకి మడమ దగ్గర పూలియా; కాలి కొసకు ఎదురుగా సిసిలీ. ఈ తీరానికి క్రీ.పూ. ఎనిమిదో శతాబ్దంలో గ్రీకులు వచ్చారు. ఇస్కియా దీవిలో, కూమేలో దిగి, తర్వాత సిబారిస్, క్రొతోన్, తరంతో, లోక్రి నగరాలు కట్టారు. వాళ్లు సెలవులకు వచ్చినవాళ్లు కారు. పొలాల కోసం, వ్యాపారం కోసం వచ్చినవాళ్లు. అయితే వాళ్లు వదిలివెళ్లిన ఒక్క బొమ్మ గురించి ఆగి చెప్పుకోవాలి. సలెర్నోకు దక్షిణంగా పెస్తుమ్ దగ్గర 1968 జూన్‌లో ఒక సమాధి బయటపడింది. ఐదు రాతి పలకలు. నాలుగు పక్కలా మగవాళ్ల విందు దృశ్యాలు. పైన మూతపలక లోపలివైపు ఒక్క యువకుడు. ఎత్తయిన దిమ్మె మీది నుంచి నీళ్లలోకి దూకుతున్నాడు. ఒళ్లంతా చాచి, తల పైకెత్తి, చేతులు ముందుకు పెట్టి, ఇంకా నీళ్లను తాకని ఆ క్షణంలో ఉన్నాడు. క్రీ.పూ. 480–470 ప్రాంతపు చిత్రమది. ప్రాణం ఈ లోకం నుంచి ఆ లోకంలోకి దూకడమని పండితులు అర్థం చెబుతారు. అర్థం ఏదైనా, ఆ బొమ్మ గీసినవాడు మాత్రం ఎండాకాలపు మధ్యాహ్నం కుర్రాళ్లు నీళ్లలోకి దూకుతుంటే చూసినవాడేనని నాకు గట్టి నమ్మకం. ఆ ఒంటి తీరు ఊహించి వేసింది కాదు. పెస్తుమ్ మ్యూజియంలో ఉన్న ఈ పలకను చూడకుండా ఆ ఊరి ఇసుకలో పడుకుని తిరిగొచ్చేవాళ్లు ఎందరో.

సముద్రతీరానికి విశ్రాంతి కోసం వెళ్లడమనే అలవాటును ఈ నేలపై స్థిరపరచినవాళ్లు రోమన్లు. అందుకు వాళ్లు ఎంచుకున్న చోటు బాయా. నేపుల్స్‌కు పడమరగా, పొజ్జువోలి అఖాతం ఒడ్డున, నేల అడుగు నుంచి వేడినీళ్లు ఉబికివచ్చే అగ్నిపర్వత ప్రాంతమది. పొజ్జువోలి చుట్టుపక్కల దొరికే బూడిదమట్టిని సున్నంతో కలిపితే నీళ్ల అడుగున కూడా గట్టిపడుతుంది. ఈ ఒక్క గుణం వల్ల రోమ్ ధనవంతులు ఒడ్డు చాలక సముద్రంలోకే ఇళ్లు జరిపి కట్టుకున్నారు. లుకుల్లుస్ అనే సేనాని ఒక కొండను తొలిపించి సముద్రపు నీటిని తన చేపల చెరువుల్లోకి మళ్లించాడు. సెర్గియుస్ ఒరాతా అనే వ్యాపారి అక్కడ ఆల్చిప్పల పెంపకం మొదలుపెట్టి ధనం గడించాడు. సిసిరోకు ఈ చుట్టుపక్కలే మూడు నాలుగు విడిది ఇళ్లుండేవి. తత్త్వవేత్త సెనెకాకు మాత్రం బాయా పోకడ గిట్టలేదు. తాగి తూలేవాళ్లు, పడవల్లో పాటలు, రాత్రంతా గోల. వచ్చిన మర్నాడే ఊరు విడిచి వెళ్లిపోయానని ఒక లేఖలో రాసుకున్నాడు. విహారస్థలం మీద మనకు దక్కిన తొలి ఫిర్యాదుల్లో అదొకటి. నీరో చక్రవర్తి తన తల్లి అగ్రిప్పీనాను చంపించడానికి విరిగిపోయే పడవను సిద్ధం చేయించింది కూడా ఈ అఖాతంలోనే, క్రీ.శ. 59లో. హాడ్రియన్ 138లో కన్నుమూసింది బాయాలోనే.

అటు పక్కన కాప్రి దీవి ఉంది. ఆగస్టస్ చక్రవర్తి దాన్ని నేపుల్స్ వాళ్ల దగ్గర తీసుకుని బదులుగా ఇస్కియా ఇచ్చాడు. ఆయన తర్వాత వచ్చిన తిబేరియుస్ చివరి పదేళ్లు, అంటే క్రీ.శ. 27 నుంచి 37 వరకు, ఆ దీవి నుంచే సామ్రాజ్యాన్ని నడిపాడు. కొండకొమ్మున ఆయన కట్టించుకున్న విల్లా యోవిస్ శిథిలాల దాకా నేటికీ కాలినడకన ఎక్కవచ్చు. ఇక ఆగస్టు నెల సెలవుల సంగతి. పంట పనులు ముగిశాక విశ్రాంతి కోసం క్రీ.పూ. 18లో ఆగస్టస్ పండుగ రోజులు ఏర్పాటు చేశాడని సంప్రదాయం. తర్వాత క్రైస్తవం దానికి ఆగస్టు 15న మరియమాత పండుగను జోడించింది. ఆనాటి పేరుతోనే ‘ఫెర్రగోస్తో’ అని పిలుచుకుంటూ ఇటలీ ఈనాటికీ ఆ రోజున పనులన్నీ కట్టిపెట్టి సముద్రం దారి పడుతుంది. ఆగస్టులో మనకు గది దొరకదంటే ఈ ఆనవాయితీ వయసు రెండువేల ఏళ్లు.

ఇదే అఖాతంలో మన దేశపు జాడ కూడా ఒకటుంది. రోమ్‌కు తూర్పు దేశాల సరుకు దిగే పెద్దరేవు పొజ్జువోలి. మిరియాలు, నూలుబట్టలు, దంతపు పని ఈజిప్టు మీదుగా ఇక్కడికి చేరేవి. 1938లో పొంపెయి తవ్వకాల్లో ఒక ఇంట్లో దంతపు స్త్రీమూర్తి దొరికింది. ఒంటినిండా నగలు, ఇరుపక్కలా పరిచారికలు. మన పనితనమేనని చూడగానే తెలుస్తుంది. సాతవాహనుల ఏలుబడిలో ఉన్న భోకర్దన్‌లో ఇలాంటి దంతపు బొమ్మే బయటపడింది. క్రీ.శ. 79లో వెసువియస్ పేలి పొంపెయి పూడిపోయేనాటికే ఆ బొమ్మ అక్కడికి చేరి ఉండాలి. ఇప్పుడది నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఉంది. తెలుగు నేల నుంచి వెళ్లే యాత్రికుడు దాని ముందు కాసేపు నిలబడాలి.

రోమ్ కూలింది. బాయా మునిగింది. ఈ మునక కూడా చిత్రమైనదే. ఆ ప్రాంతంలో నేల నిద్రపోయేవాడి పొట్టలా శతాబ్దాల పాటు నెమ్మదిగా లేస్తూ, కుంగుతూ ఉంటుంది. పొజ్జువోలి నడిబొడ్డున పాత రోమన్ అంగడి శిథిలాల్లో మూడు పాలరాతి స్తంభాలు నిలిచి ఉన్నాయి. వాటి మధ్యభాగంలో, మనిషికి అందనంత ఎత్తున, చుట్టూ గుల్ల గుల్లగా చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. అవి రాతిని తొలిచే సముద్రపు ఆల్చిప్పలు చేసినవి. అంటే ఒకప్పుడు ఆ స్తంభాలు అంత లోతు నీళ్లలో నిలబడి, మళ్లీ పైకి వచ్చాయన్నమాట. భూమి కదులుతుందనడానికి సాక్ష్యంగా చార్లెస్ లైయెల్ 1830లో తన భూగర్భశాస్త్ర గ్రంథం ముఖచిత్రంగా ఈ స్తంభాలనే వేయించాడు. అదేమీ గడిచిపోయిన ముచ్చట కాదు. 1982–84 మధ్య పొజ్జువోలి నేల దాదాపు 1.8 మీటర్లు పైకి లేచింది. వేలాది కుటుంబాలు ఇళ్లు వదిలిపోయాయి. ఇప్పుడు మళ్లీ లేస్తోంది. 2024 మేలో 4.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. మునిగిన బాయా మాత్రం 2002 నుంచి రక్షిత జలగర్భ ఉద్యానం. అద్దపు అడుగున్న పడవలోంచి చూడవచ్చు, లేదా నీటి అడుగున ఈత నేర్పేవారి వెంట దిగవచ్చు. ఐదారు మీటర్ల లోతున మార్గదర్శి ఇసుకను అరచేత్తో ఇటూ అటూ తోస్తాడు. నలుపు తెలుపు రాళ్ల నేలచిత్రం బయటపడుతుంది. చూడడం అయ్యాక పాడవకుండా మళ్లీ ఇసుక కప్పేస్తాడు.

రోమన్ల తర్వాత దాదాపు వెయ్యేళ్లు ఈ తీరానికి సముద్రమంటే భయం. 827లో అరబ్బు సేనలు సిసిలీలో దిగాయి. ఆ తర్వాత సముద్రపు దొంగల దాడులు తెరిపి లేకుండా సాగాయి. 1480లో ఒట్టోమన్ నౌకాదళం ఒత్రాంతోను పట్టుకుని వందలమందిని నరికేసింది. ఆ ఎముకలు నేటికీ ఊరి ప్రధాన చర్చిలో అద్దాల బీరువాల్లో ఉన్నాయి. 1558లో సొరెంటో కొల్లబోయింది; ఊళ్లకు ఊళ్లు బానిసలుగా ఓడలెక్కాయి. 1563 నుంచి నేపుల్స్‌ను ఏలుతున్న స్పానిష్ రాజప్రతినిధి ఆజ్ఞతో తీరం పొడుగునా కావలి బురుజులు లేచాయి. ఒక బురుజు మీద వెలిగిన మంట పక్క బురుజుకు కనిపించేంత దూరంలో వాటిని కట్టారు. పూలియాలో ఈనాడు సెలవులకు జనం ఎగబడే తొర్రె దెల్లోర్సో, తొర్రె లపిల్లో వంటి ఇసుక తీరాలకు ఆ బురుజుల పేర్లే నిలిచాయి. దాడుల నుంచి తప్పించుకున్నవారిని మలేరియా పట్టుకునేది. నదీముఖాల దగ్గర చిత్తడి నేలల్లో వేసవి రాత్రి గడపడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఈ కథంతా ఒక్క ఊళ్లో చూడాలంటే కలాబ్రియాలోని లోక్రికి వెళ్లాలి. గ్రీకులు ఒడ్డున కట్టిన నగరమది. జ్వరాలు, దాడులు పడలేక జనం దాన్ని వదిలేసి పది కిలోమీటర్లు లోపలికి, ఐదొందల మీటర్ల ఎత్తున్న కొండ మీదికి పోయి జెరాచే అనే ఊరు కట్టుకున్నారు. అక్కడే వెయ్యేళ్లకు పైగా ఉన్నారు. 1875లో రెజ్జో నుంచి తరంతో దాకా ఒడ్డు వెంబడి రైలుమార్గం పూర్తయింది. కొండమీది వాళ్లు ఒక్కొక్కరే స్టేషను దగ్గరకు దిగసాగారు. కింద పెరిగిన పేట జెరాచే మరీనా. 1934లో దానికి పాత పేరు లోక్రి తిరిగి పెట్టారు. కలాబ్రియా తీరమంతా ఇలాంటి జంట ఊళ్లే. పైన పాత ఊరు, కింద అదే పేరుకు ‘మరీనా’ తగిలించుకున్న కొత్త ఊరు. గది బుక్ చేసుకునేటప్పుడు రెండింటిలో ఏదో చూసుకోకపోతే రోజూ కొండ ఎక్కి దిగాల్సి వస్తుంది. నన్నడిగితే సముద్రం కోసం కింద ఉండి, సాయంత్రాలు పైకి వెళ్లడం మేలు. జెరాచే రాతి వీధుల్లో సాయంత్రపు గాలికి సాటి వచ్చేది కింద దొరకదు.

సముద్రపు దొంగలకు స్థావరమైన అల్జీర్స్‌ను 1830లో ఫ్రాన్సు ఆక్రమించడంతో వాళ్ల ఓడల బెడద తీరింది. అంతకుముందే ఉత్తర ఐరోపా నుంచి చదువుకున్న యాత్రికుల రాక మొదలైంది. 1738లో హెర్క్యులేనియం, 1748లో పొంపెయి తవ్వకాలు వాళ్లను రప్పించాయి. 1787లో జర్మన్ కవి గోథే నేపుల్స్, పెస్తుమ్, సిసిలీ తిరిగాడు. తిరుగు ప్రయాణంలో కాప్రి రాళ్ల దగ్గర ఆయన ఓడ గాలి ఆడక కొట్టుకుపోయి ప్రమాదం అంచుదాకా వెళ్లింది. 1826లో ఆగస్ట్ కోపిష్ అనే జర్మన్ కవి కాప్రిలో ఒక గుహలోకి ఈదుకుంటూ వెళ్లాడు. స్థానిక జాలర్లు దయ్యాలుంటాయని దూరంగా ఉన్న గుహ అది. లోపల నీరు నీలంగా వెలగడం చూసి రాశాడు. ఆ నీలిగుహ ఒక్కటే దీవి జాతకం మార్చేసింది. 1839లో ఇటలీలోనే మొట్టమొదటి రైలు నేపుల్స్ నుంచి పోర్తిచికి నడిచింది. 1850ల నాటికి కొండచరియను తొలిచి వేసిన అమాల్ఫి రోడ్డు పూర్తయింది. గుర్రపుబళ్ల కోసం వేసిన రోడ్డది. ఇప్పుడు దాని మీద బస్సులు, కార్లు ఎదురెదురుగా వచ్చి గంటల తరబడి ఆగిపోతాయి. 2022 నుంచి రద్దీ రోజుల్లో బళ్ల నంబర్లను బట్టి సరి–బేసి పద్ధతి పెట్టారు. ఆ దారిని ఇక వెడల్పు చేయలేరు. సలెర్నో నుంచి పడవలో అమాల్ఫి, పోసితానో చేరడమే తెలివైన పని.

ఈ ఒడ్డున కూర్చుని రాసినవాళ్లు, స్వరపరచినవాళ్లు చాలామంది. నార్వే నాటకకర్త ఇబ్సెన్ ‘బొమ్మరిల్లు’ నాటకాన్ని 1879లో అమాల్ఫిలో పూర్తి చేశాడు. మరుసటేడు జర్మన్ స్వరకర్త వాగ్నర్ రవెల్లోలోని విల్లా రుఫోలో తోటలో నిలబడి తన గీతనాటకానికి కావలసిన మాయాతోట ఇదేనన్నాడు. ‘అమ్మ’ నవలతో తెలుగువారికి ఆత్మీయుడైన గోర్కీ 1906 నుంచి 1913 దాకా కాప్రిలో ప్రవాసంలో ఉన్నాడు. లెనిన్ 1908లో, 1910లో ఆయన దగ్గరకు వచ్చాడు. మరోవైపు ఇదే ఏళ్లలో పోసితానో నుంచి, కలాబ్రియా నుంచి లక్షలాది బీదలు ఓడలెక్కి అమెరికాకు పోతున్నారు. ఈ రెండు రాకపోకలనూ విడదీసి చెబితే చరిత్ర సగమే అవుతుంది. విదేశీయుడు మెచ్చుకున్న నిర్మానుష్యమైన తీరం స్థానికుడు బతకలేక వదిలిపోయిన తీరమే.

నేల మాత్రం ఎవరినీ వదల్లేదు. 1883 జూలై 28 రాత్రి, వేడినీళ్ల స్నానాలకు ఇస్కియా నిండుగా ఉన్న వేళ, కజమిచోలా పట్నం భూకంపానికి నేలమట్టమైంది. రెండువేల పైచిలుకు జనం చనిపోయారు. శిథిలాల కింద నుంచి బతికి బయటపడిన 17 ఏళ్ల కుర్రవాడు తల్లిదండ్రులను, చెల్లెల్ని పోగొట్టుకున్నాడు. తర్వాతి కాలంలో ఇటలీకి పెద్ద తత్త్వవేత్త అయిన బెనెదెత్తో క్రోచే ఆయనే. 1908 డిసెంబరు 28న మెస్సీనా, రెజ్జో నగరాలు కూలి 80 వేలకు పైగా ప్రాణాలు పోయాయి. అయినా 1913లో పలెర్మో పక్కన మొందెల్లోలో, మలేరియా చిత్తడిని ఎండబెట్టిన చోట, ఒక ఇటలీ–బెల్జియం కంపెనీ నీళ్లలో స్తంభాల మీద అందమైన స్నానశాల కట్టింది. ఆ భవనం నేటికీ ఉంది. బురదనేల విడిదిపట్టుగా మారడానికి దక్షిణాదిన అంతకంటే మంచి గుర్తు లేదు.

సామాన్యుడు సముద్రానికి సెలవుల్లో వెళ్లడం మాత్రం ఇరవయ్యో శతాబ్దపు సంగతే. 1931 నుంచి ముస్సోలినీ ప్రభుత్వం భారీ రాయితీతో ‘ప్రజా రైళ్లు’ నడిపింది. పిల్లల కోసం ఒడ్డున శిబిరాలు కట్టింది. దాని వెనుక పార్టీ ప్రచారమే ఉంది, కానీ మొదటిసారి సముద్రం చూసిన కూలీ కుటుంబాలూ ఉన్నాయి. తర్వాత యుద్ధం. 1943 సెప్టెంబరు 9న అమెరికన్ సేనలు పెస్తుమ్ ఇసుకలో, గ్రీకు ఆలయాల ఎదురుగా దిగాయి. అదే నెలలో 8వ భారతీయ డివిజన్ తరంతో రేవులో దిగింది. పెస్తుమ్‌లో ఇవాళ గొడుగులు పాతేది ఆ ఇసుకలోనే.

యుద్ధం తర్వాత మూడు మార్పులు వెంటవెంటనే వచ్చాయి. మొదటిది, 1947 నుంచి ఊరూరా డీడీటీ చల్లి కొద్ది ఏళ్లలోనే మలేరియాను తరిమేయడం. ఇది లేకపోతే ఈ రోజు మెతపోంతో, సిబారి తీరాల్లో ఒక్క హోటల్ కూడా ఉండేది కాదు. రెండోది, 1948 రాజ్యాంగం 36వ అధికరణం. కార్మికుడికి జీతంతో కూడిన వార్షిక సెలవు హక్కు, దాన్ని తానుగా కూడా వదులుకోవడానికి వీల్లేదని అది చెబుతుంది. ఏ దేశ రాజ్యాంగంలోనైనా ఇంత మంచి మాట అరుదు. మూడోది రోడ్డు, కారు. 1955లో ఫియట్ 600, 1957లో ఫియట్ 500 వచ్చాయి. మిలాన్–నేపుల్స్ ‘సూర్య రహదారి’ 1964లో పూర్తయింది. దక్షిణాది అభివృద్ధికి 1950లో పెట్టిన ప్రభుత్వ నిధి నీళ్లు, కరెంటు, దారులు తెచ్చింది. సలెర్నో నుంచి రెజ్జో దాకా రహదారి 1974లో తెరుచుకుంది. ఉత్తరాది ఫ్యాక్టరీలకు వలసపోయిన కలాబ్రియా కుర్రాళ్లు ఆగస్టులో ఫ్యాక్టరీ మూయగానే భార్యాబిడ్డలతో, కారు పైకప్పు మీద సామాను కట్టుకుని అమ్మమ్మ ఊరికి వచ్చేవారు. ఆగస్టు రద్దీలో సగం విహారయాత్ర కాదు, ఇంటికి రాక. ఆ సంగతి తెలిసినవాడు ఆ రద్దీని విసుక్కోడు.

పోసితానో కథ వేరు. 1953లో అమెరికన్ రచయిత స్టెయిన్‌బెక్ దాని మీద ఒక వ్యాసం రాశాడు. మెట్ల మీద మెట్లుగా ఉన్న ఆ పల్లె అమెరికా కంటపడింది. 1962 వేసవిలో జాక్వెలిన్ కెనెడీ రవెల్లోలో విడిది చేసింది. ఫొటోలు లోకమంతా చూసింది. ధరలు అప్పుడు ఎక్కి మళ్లీ దిగలేదు. పూలియాలో పొలిన్యానో ఆ మారే ఊరివాడు దొమెనికో మొదుఞ్ఞో 1958లో పాడిన ‘వొలారె’ పాట అంతకంటే ఎక్కువ దూరం పోయింది, కానీ ఆ ఊరికి యాత్రికులు రావడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. చౌక విమానాలు బారి, బ్రిందిసీల్లో దిగడం మొదలయ్యాకే పూలియా వెలిగింది.

డబ్బు వచ్చినచోటికి కాంక్రీటు వచ్చింది. అరవై, డెబ్బైల్లో అనుమతి లేకుండా ఒడ్డు పొడుగునా ఇళ్లు, హోటళ్లు లేచాయి. 1985, 1994, 2003లో ప్రభుత్వాలు జరిమానా కట్టించుకుని అక్రమ కట్టడాలను క్రమబద్ధం చేశాయి. మనకు బాగా తెలిసిన తంతే. మురుగు నేరుగా సముద్రంలోకి పోయేది. 1973 ఆగస్టులో నేపుల్స్‌లో కలరా వచ్చినప్పుడు టీకాల కోసం జనం బారులు తీరారు. అఖాతంలోని ఆల్చిప్పల పెంపకాన్ని నాశనం చేశారు. మంచి పనులూ జరిగాయి. 1985 చట్టం ఒడ్డు నుంచి 300 మీటర్ల లోపు నిర్మాణాలకు కళ్లెం వేసింది. అమాల్ఫి తీరంలో కొండ అంచును మింగేసిన ఫుయెంతీ హోటల్‌ను 1999లో, బారి ఒడ్డున పుంతా పెరొత్తి బహుళ అంతస్తుల కట్టడాలను 2006లో కూల్చేశారు. చిలెంతో తీరంలో పొల్లికా పట్నానికి మేయరుగా పనిచేసిన ఆంజెలో వస్సల్లో స్వయంగా జాలరి. నీళ్ల శుభ్రత కోసం, అక్రమ కట్టడాల మీద పట్టుదలగా నిలబడినవాడు. 2010 సెప్టెంబరు 5 రాత్రి ఇంటికి వెళ్తుండగా ఆయన్ను కాల్చి చంపారు. ఆయన ఊరి రేవు అచ్చారోలి నీళ్లు ఈనాటికీ అడుగు కనిపించేంత తేటగా ఉంటాయి. ఈ తీరంలో మన సెలవు రోజు వెనుక ఎవరి కష్టముందో చెప్పుకోవలసివస్తే మొదటి పేరు ఆయనదే. పక్కనే ఉన్న పియొప్పి గ్రామంలోనే అమెరికన్ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ దశాబ్దాల పాటు ఉండి మధ్యధరా భోజనాన్ని పరిశోధించాడు. ఆలివ్ నూనె, పప్పులు, కూరగాయలు, రొట్టె ఆ భోజనానికి పునాది కాబట్టి శాకాహారులు ఈ ప్రాంతంలో ఇబ్బంది పడరు.

సెలవులకు వచ్చినవాడు ఈ తీరానికి ఏదైనా ఇచ్చి వెళ్లాడా అంటే, ఒక్కటి ఖాయంగా ఉంది. 1972 ఆగస్టు 16న, ఫెర్రగోస్తో మర్నాడు, కలాబ్రియాలోని రియాచే దగ్గర సెలవుల్లో ఉన్న స్తెఫానో మరియొత్తీని అనే రోమ్ రసాయన శాస్త్రవేత్త నీళ్లలో చేపలు వేటాడుతూ, ఇసుకలోంచి పొడుచుకొచ్చిన ఒక చేతిని చూశాడు. శవమేమోనని జడిసి, ముట్టుకుని చూస్తే కంచు. ఎనిమిది మీటర్ల లోతులో ఇద్దరు గ్రీకు యోధులు పక్కపక్కనే పడుకుని ఉన్నారు. రెండువేల నాలుగువందల ఏళ్ల నాటి ఆ విగ్రహాల్లో ఒకదాని వెండి పళ్లు, రెండింటి రాగి పెదవులు చెక్కుచెదరలేదు. ఇప్పుడవి రెజ్జో కలాబ్రియా మ్యూజియంలో ఉన్నాయి. ఒక్క వాటి కోసమైనా కలాబ్రియాకు వెళ్లవచ్చు.

ఇప్పటి తీరం గురించి రెండు మాటలు. చట్టం ప్రకారం సముద్రపు ఒడ్డు ప్రభుత్వానిది. దాన్ని ముక్కలుగా వ్యాపారులకు లీజుకిస్తారు. వాళ్లు గొడుగులు, మంచాలు, స్నానపు గదులు, చిన్న హోటలు పెట్టి నడిపేదే ‘లిదో’. నీళ్లకు దగ్గరి వరుస ధర ఎక్కువ, వెనక్కి పోయేకొద్దీ తక్కువ. ఏళ్ల తరబడి ఒకే కుటుంబం ఒకే గొడుగు కింద కూర్చోవడం అక్కడ మామూలే. ఈ లీజులు పోటీ లేకుండా కొనసాగడం చెల్లదని ఐరోపా న్యాయస్థానం 2016లో, ఇటలీ అత్యున్నత పాలనా న్యాయస్థానం 2021లో చెప్పాయి. 2024లో ప్రభుత్వం మళ్లీ 2027 సెప్టెంబరు దాకా గడువు పొడిగించింది. అందరిదైన ఇసుకను కొద్దిమంది చేతుల్లో ఉంచే ఈ వాయిదాల పద్ధతి తప్పేనని నా అభిప్రాయం. ఏ లిదోలోనైనా అలల అంచున నడుచుకుంటూ పోయే హక్కు ఎవరికైనా ఉంది. డబ్బు కట్టనక్కరలేని ‘స్పియాజ్జా లీబెరా’ కూడా చాలాచోట్ల పక్కనే ఉంటుంది. రెండోమాట పూలియా గురించి. 2013లో గల్లీపొలి దగ్గర ఆలివ్ చెట్లకు సోకిన జైలెల్లా బ్యాక్టీరియా లక్షలాది చెట్లను ఎండబెట్టింది. బీచ్‌కు వెళ్లే దారికి ఇరువైపులా బూడిదరంగు మొండేలు చూసినప్పుడు మనసు చివుక్కుమంటుంది. గల్లీపొలి ఉన్న ఈ సలెంతో ప్రాంతంలో రైతు అంగడి కనిపిస్తే అక్కడే నూనె కొనండి.

ఇక ప్రయాణం. ఆగస్టు వదిలేయండి; జూన్ రెండో సగం గానీ సెప్టెంబరు మొదటి రెండు వారాలు గానీ పెట్టుకోండి. మేలో ఎండ ఉన్నా నీళ్లు చల్లన. సెప్టెంబరులో వేసవంతా కాగిన నీళ్లు ఇంకా వెచ్చగా ఉంటాయి, ధరలు దిగుతాయి. సెప్టెంబరు నడిమి దాటితే చాలా లిదోలు సర్దేసుకుంటాయి. అమాల్ఫి తీరాన్ని చూసి రావడానికి పెట్టుకోండి, ఉండడానికి సలెర్నో గానీ చిలెంతో గానీ ఎంచుకోండి. సలెర్నో దాకా వేగపు రైళ్లున్నాయి. 2024 జూలై నుంచి విమానాలూ దిగుతున్నాయి. అక్కడి నుంచి 1895లో పూర్తయిన రైలుమార్గం ఒడ్డు వెంబడే మరాతెయా, త్రొపేయా, షిల్లా మీదుగా రెజ్జో చేరుస్తుంది; ఎడమవైపు కొండ, కుడివైపు సముద్రం. కారు తీసుకుంటే మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ అనుమతిపత్రం ఉండాలి. పాత పట్నాల నడిబొడ్డున వాహన నిషేధ మండలాల్లోకి పొరబాటున వెళ్లినా కెమెరా పట్టేస్తుంది, జరిమానా ఇంటికి వస్తుంది. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. వేసవి ముందు అపాయింట్‌మెంట్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి సెప్టెంబరులో వెళ్లాలనుకునేవారు ఏప్రిల్‌లోనే కాగితాలు సిద్ధం చేసుకోవాలి.